డే లిల్లీ గింజలు మొలవాలంటే: పెత్రమాసకు ఫ్రిజ్‌లోకి, దీపావళికి బయటికి

డే లిల్లీ గింజ వేసి 20 రోజులైనా మొలక కనిపించకపోతే చాలామంది గింజ చచ్చిందనుకుని ఆ కుండీలో మట్టి తిరగేసి కొత్తిమీర చల్లేస్తారు. మొదటిసారి నేనూ అదే చేశాను, ఇప్పటికీ ఆ గింజలు తలుచుకుంటే బాధే. గింజలో ఏ లోపమూ లేదు, దానికి కావలసిన చలి నేను ఇవ్వలేదు. ఈ మొక్క పుట్టిల్లు చైనా, జపాన్, కొరియా వైపు. అక్కడ కాయ పగిలి గింజ నేల మీద పడేసరికి చలికాలం దగ్గర్లో ఉంటుంది, అప్పుడే మొలిస్తే లేత మొక్క మంచుకు మాడిపోతుంది, అందుకని గింజ తడి నేలలో చలికి కొన్ని వారాలు ఉండి, ఆ గండం దాటాకే మొలవడం అలవాటు చేసుకుంది. మన నల్లగొండలో, పాలమూరులో డిసెంబర్ తెల్లవారుజామున మనం దుప్పటి వదలకపోయినా మధ్యాహ్నానికల్లా ఎండ కాస్తుంది, ఆ గింజకు అది చలికాలం కిందికే రాదు. కాబట్టి ఆ చలిని మనమే ఫ్రిజ్‌లో పెట్టి ఇవ్వాలి.

అన్ని గింజలకూ ఇది తప్పనిసరి కాదు. కొన్ని రకాలవి చలి లేకుండానే వారం పది రోజుల్లో మొలుస్తాయి. కానీ ఒకే కాయలో గింజలు కూడా ఒకటి ఈ వారం, ఇంకోటి నెలన్నరకు వస్తుంటే నారు చూసుకోవడం కష్టం. చలి పెడితే ఎక్కువ గింజలు ఒకేసారి లేస్తాయి, మనకు కావలసింది అదే.

ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది మన దగ్గర అన్నిటికంటే ముఖ్యం. నేను పండుగలతో గుర్తు పెట్టుకుంటాను. పెత్రమాస నాడు, అంటే ఎంగిలిపూల బతుకమ్మ రోజు, గింజలు ఫ్రిజ్‌లో పెడతాను. అక్కడి నుంచి దీపావళి అమావాస్యకు సరిగ్గా ఒక నెల, గింజకు కావలసిన చలి కూడా దాదాపు అంతే. దీపావళికి బయటికి తీస్తే కార్తీకంలో మొలకలు, సంక్రాంతికి కుండీ మార్పు, ఉగాదికల్లా దుబ్బు కాస్త గట్టిపడుతుంది. ఆ తర్వాత వచ్చే మన ఎండాకాలాన్ని తట్టుకోవాలంటే ఆ ఐదు నెలల వయసు ఉండాల్సిందే. జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో మొదలుపెట్టిన నారు మొలవడం బాగానే మొలుస్తుంది గానీ ఏప్రిల్ ఎండకు గడ్డిపోచల్లా ఎండిపోతుంది. ఒక ఏడాది నావి 23 మొలకలు అలాగే పోయాయి. ఆలస్యమైతే తొందరపడకండి, గింజలు ఫ్రిజ్‌లోనే పొడిగా దాచుకుని వచ్చే పెత్రమాస దాకా ఆగండి, ఏడాది పాటు బాగానే నిలుస్తాయి.

గింజ చూసి తీసుకోవడం

మంచి గింజ నల్లగా, నున్నగా, మెరుస్తూ, మిరియం గింజంత ఉంటుంది. వేళ్ల మధ్య పెట్టి మెల్లగా నొక్కితే గట్టిగా తగలాలి. మెత్తగా నలిగినా, లోపల ఖాళీగా అనిపించినా పక్కన పెట్టేయండి. నిల్వ ఉన్న గింజ పైన కాస్త ముడతలు పడితే మాత్రం పారేయకండి, ఒక రాత్రి నీళ్లలో నానితే మళ్లీ ఉబ్బుతుంది.

మన దగ్గర ‘లిల్లీ’ అనే పేరుతో నాలుగైదు మొక్కలు తిరుగుతున్నాయి, అక్కడే పెద్ద తికమక. వాన పడగానే పూసే రెయిన్ లిల్లీ గింజ కూడా నల్లదే, కానీ పలచగా, కాగితం ముక్కలా ఉంటుంది. మే నెలలో ఎర్రటి బంతిలా పూసే ఫుట్‌బాల్ లిల్లీ గడ్డ నుంచి వస్తుంది. చంద్రకాంత గింజ నలుపు, గుండ్రమే, కానీ గరుకుగా గీతలతో ఉంటుంది. నాకు ఒకసారి ఆన్‌లైన్‌లో డే లిల్లీ అని వచ్చిన ప్యాకెట్‌లో ఉన్నవి చూస్తే ఉల్లి విత్తనాల్లా చిన్నగా, మూలలు తేలి ఉన్నాయి. డబ్బులు తిరిగి రాలేదు. ఇంకో మాట, నీలం రంగు డే లిల్లీ గింజలు అని ఫోటో పెట్టి అమ్ముతారు, అసలు నిజమైన నీలం డే లిల్లీ ఇప్పటిదాకా లేదు. ఆ ఫోటో చూసి కొనకండి.

అన్నిటికంటే మంచి దారి, ఇప్పటికే డే లిల్లీ ఉన్నవాళ్ల దగ్గర కాయలు అడిగి తెచ్చుకోవడం, లేదా మీ దగ్గర మొక్క ఉంటే మీరే కాయ కట్టించడం. పువ్వు ఒక్కరోజే ఉంటుంది కాబట్టి పొద్దున్నే చేయాలి. కేసరాల మీద పుప్పొడి పొడిపొడిగా లేచాక ఒక కేసరం తుంచి, ఇంకో మొక్క పువ్వులో అన్నిటికంటే పొడుగ్గా బయటికి వచ్చిన కీలం కొనకు అద్దండి. ఎండ 32, 33 డిగ్రీలు దాటే రోజుల్లో కాయ నిలవడం తక్కువ, కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో ఈ ప్రయత్నం దండగ. వానాకాలంలో ముసురు పట్టిన రోజులు నయం. పాతకాలపు నారింజ రంగు రకం ఒకటి ఉంటుంది, అది ఎంత అద్దినా గింజ కట్టదు, దాని కణాల్లో క్రోమోజోములు మామూలుగా ఉండే రెండు సెట్లకు బదులు మూడు సెట్లు ఉండటమే కారణం. దాన్ని దుబ్బు విడదీసి పెంచుకోవాల్సిందే. కొత్త రకాల్లో కూడా రెండు జట్లు ఉన్నాయి, క్రోమోజోములు రెండు సెట్లు ఉండేవి డిప్లాయిడ్, నాలుగు సెట్లు ఉండేవి టెట్రాప్లాయిడ్ అని. ఒక జట్టు పుప్పొడి రెండో జట్టుకు పట్టదు. మీ మొక్కలు ఏ జట్టో తెలియకపోతే నాలుగైదు పూలకు వేర్వేరుగా అద్ది చూడండి, పట్టినవి పడతాయి.

కాయ నిలిస్తే 45 నుంచి 60 రోజుల్లో ముదురుతుంది. ఆకుపచ్చ పోయి గోధుమ రంగు వచ్చి, పైకొన దగ్గర చీలిక కనిపించగానే కోసెయ్యాలి. ఒక్కరోజు ఆలస్యమైనా గింజలు కింద రాలి చీమల పాలవుతాయి. నేను కాయ రంగు మారగానే పల్చటి గుడ్డ సంచి కట్టేస్తాను. కోశాక నీడలో ఒకటి రెండు రోజులు ఆరనివ్వండి, ఎండలో పెట్టొద్దు. కాగితం కవర్ మీద తేదీ, ఏ మొక్క గింజలో రాసిపెట్టుకోండి, గుర్తుంటుందిలే అనుకుంటే ఉండదు.

ఫ్రిజ్‌లో నెల రోజులు

ముందు గింజల్ని ఒక రాత్రి నీళ్లలో నానబెట్టండి. బూజు భయం ఉంటే మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడొచ్చు. సీసా మీద 3 శాతం అని ఉంటే లీటరు నీళ్లకు 15 మిల్లీలీటర్లు, 6 శాతం అని ఉంటే 7 లేదా 8 మిల్లీలీటర్లు చాలు. మన దగ్గర ఎక్కువగా దొరికేది 6 శాతానిదే, చూసి కలపండి.

తర్వాత పాత నూలు గుడ్డ కానీ కిచెన్ టిష్యూ కానీ తడిపి, గట్టిగా పిండాలి. చేత్తో పట్టుకుంటే చల్లగా తగలాలి, నీటి చుక్క కారకూడదు. మొదటిసారి చేసేవాళ్లు తప్పు చేసేది ఇక్కడే, ఎక్కువ తడి మంచిదనుకుని వదిలేస్తారు, రెండు వారాలకు గింజలు మెత్తబడి వాసన వస్తాయి. గింజలు ఒకదానికొకటి తగలకుండా గుడ్డ మీద పరిచి, మడిచి, జిప్ కవర్‌లో పెట్టి, కవర్ మీద తేదీ రాయండి. నేను ఇదంతా చేస్తుంటే మా అమ్మ చూసి, "మండె కట్టుడే గద బిడ్డా, కాకపోతే సల్లటి కాడ" అంది. నిజంగా అదే. వడ్లు నానబెట్టి గోనె సంచిలో మండె కట్టి తుకం పోసే ఇంట్లో పుట్టినవాళ్లకు ఈ పని కొత్తగా నేర్పక్కర్లేదు. అక్కడ వెచ్చదనం ఇచ్చి ఒకటి రెండు రోజుల్లో మొలక తెప్పిస్తాం, ఇక్కడ చలి ఇచ్చి నెల రోజులు ఆపుతాం, తడి మాత్రం రెండింటికీ ఒకే లెక్క.

ఫ్రిజ్‌లో ఎక్కడ పెట్టాలంటే, కింద కూరగాయల డబ్బాలో. అక్కడ 4 నుంచి 7 డిగ్రీలు ఉంటుంది, సరిపోతుంది. ఫ్రీజర్‌లో అస్సలు వద్దు, నానిన గింజలో నీళ్లు గడ్డకడితే లోపల మొలక చచ్చిపోతుంది. ఫ్రీజర్ కింద ఉండే ట్రే, వెనక గోడకు ఆనుకున్న చోటు కూడా వద్దు, అక్కడ ఒక్కోసారి మంచు కడుతుంది. తలుపు అరలో పెడితే ఇంట్లోవాళ్లు తలుపు తీసిన ప్రతిసారీ వేడి తగులుతుంది. ఇంట్లో అందరికీ చెప్పి పెట్టండి, మిరియాలనుకుని ఎవరైనా తీసే అవకాశం ఉంది. కరెంటు రెండు మూడు గంటలు పోతే టెన్షన్ పడక్కర్లేదు, ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంటే చాలు.

వారానికి ఒకసారి తీసి చూడండి. గుడ్డ ఆరినట్టుంటే నాలుగు చుక్కల నీళ్లు చల్లండి. ఏదైనా గింజకు బూజు పడితే దాన్ని తీసేసి, మిగతావి కడిగి కొత్త గుడ్డలోకి మార్చండి. ఒకటి అరా ఫ్రిజ్‌లోనే మొలుస్తాయి, వాటిని మిగతావాటి కోసం ఆపకుండా వెంటనే మట్టిలో పెట్టాలి. తక్కువలో తక్కువ మూడు వారాలు, నాలుగైతే మంచిది, ఆరు వారాలైనా నష్టం లేదు.

బయటికి తీశాక

కవర్‌ను అలాగే ఇంట్లో చల్లటి గదిలో, ఎండ తగలని చోట పెట్టండి. 20 నుంచి 25 డిగ్రీలు ఉంటే గింజకు హాయి. 32 దాటితే మళ్లీ మొండికేస్తుంది. దీపావళి నాటికి మన ఇళ్లలో పగలు కాస్త ఎక్కువే ఉంటుంది, నేనైతే వంటింట్లో రంజన్ (నీళ్ల కుండ) పక్కన గూట్లో పెడతాను, ఆ మూల ఎప్పుడూ చల్లగా ఉంటుంది. మూడో నాలుగో రోజు నుంచి చూడటం మొదలుపెట్టండి. గింజకు ఒక కొసన చిన్న మూత ఊడినట్టు తెరుచుకుని తెల్లటి వేరు బయటికి వస్తుంది. ఎక్కువ గింజలు రెండు మూడు వారాల్లో వచ్చేస్తాయి. రానివాటిని గట్టిగా ఉన్నంతవరకు పారేయొద్దు, నాకు ఒకటి 47వ రోజున మొలిచింది.

వేరు అర సెంటీమీటరు రాగానే మట్టిలో పెట్టాలి. ఇంకా పొడుగు పెరిగేదాకా ఆగితే గుడ్డ పోగుల్లో చిక్కుకుని, తీసేటప్పుడు విరుగుతుంది.

మట్టి సంగతి. మన ఎర్ర చెలక మట్టి మొక్క పెద్దదయ్యాక బాగుంటుంది కానీ మొలకలకు పనికిరాదు, తడిసి ఆరితే పైన పొర బిగుస్తుంది, లేత మొలక దాన్ని తోసుకుని రాలేదు. నల్లరేగడి ఇంకా కష్టం, నీళ్లు పట్టి ఉంచి వేరును కుళ్లబెడుతుంది. అందుకని మొదటి రెండు నెలలకు కోకోపీట్ రెండు పాళ్లు, వాగు ఇసుక ఒక పాలు, జల్లించిన వర్మీ కంపోస్ట్ ఒక పాలు, అంతే. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది, రెండుసార్లు నీళ్లలో నానబెట్టి పిండాకే వాడండి. పచ్చి పెంట మాత్రం వేయకండి. పెరుగు డబ్బాలు, అర లీటరు ఐస్‌క్రీమ్ డబ్బాలు బాగుంటాయి, కనీసం 4 అంగుళాల లోతు ఉండాలి, ఎందుకంటే దీని వేరు మొదటి నుంచే లోతుకు పోతుంది. అడుగున నాలుగైదు రంధ్రాలు పెట్టండి. గింజను ఒక సెంటీమీటరు లోతులో, వేరు కిందికి ఉండేలా, గింజకూ గింజకూ మధ్య ఒకటిన్నర అంగుళం ఎడంతో పెట్టి పైన మెల్లగా కప్పండి, అదమొద్దు.

నీళ్ల గురించి మన జిల్లాలవాళ్లకు వేరే చెప్పాలి. నల్లగొండ భూగర్భ జలంలో ఫ్లోరైడ్ సంగతి దేశమంతా తెలిసిందే, దానికి తోడు చాలా బోర్లలో ఉప్పు కూడా ఎక్కువ. పెద్ద మొక్కలు కొంత ఓర్చుకుంటాయి, చిన్న డబ్బాలో మొలకలకు మాత్రం బోరు నీళ్లు రోజూ పోస్తే మట్టి మీద తెల్లటి పొర కడుతుంది, ఆకు కొనలు మాడతాయి. వాన నీళ్లు పట్టి దాచుకోగలిగితే అంతకన్నా మంచివి లేవు. లేదంటే భగీరథ నల్లా నీళ్లు ఒక రాత్రి బకెట్‌లో నిలవ ఉంచి వాడండి, ఏసీ నుంచి కారే నీళ్లు కూడా పనికొస్తాయి. ఆర్‌వో మిషన్ వదిలేసే నీళ్లు వృథా ఎందుకని మొక్కలకు పోస్తుంటాం, అందులో ఉప్పు ఇంకా చిక్కగా ఉంటుంది, ఇల్లు తుడవడానికి వాడుకోండి, నారుకు వద్దు. పై మట్టి వేలికి పొడిగా తగిలినప్పుడే, పొద్దున పూట పోయండి.

మొలక పైకి రాగానే వెలుగు కావాలి. తూర్పు కిటికీ కానీ, పొద్దుటి ఎండ రెండు మూడు గంటలు తగిలే వరండా కానీ సరిపోతుంది. చీకట్లో ఉంచితే సాగి పడిపోతాయి.

ఇక నారుకుళ్లు. టమాట, మిరప నారు పోసినవాళ్లకు తెలిసిందే, నిన్న నిటారుగా ఉన్న మొలక ఇవాళ మొదట్లో నీరుకారి పక్కకు వాలిపోతుంది. ఎక్కువ తడి, గాలి ఆడకపోవడం దీనికి కారణం. మట్టి కలిపేటప్పుడే ట్రైకోడెర్మా విరిడి అనే మేలు చేసే బూజు పొడి కొంచెం కలిపితే చాలావరకు రాదు. వస్తే వాలిన మొలకల్ని మట్టితో సహా తీసేసి, లీటరు నీళ్లకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మిగతా మట్టి తడిసేలా పోయండి, రెండు రోజులు నీళ్లు ఆపండి. ఈ రెండూ విత్తనాలు, మందుల షాపుల్లో దొరుకుతాయి. ట్రైకోడెర్మా, కాపర్ మందు ఒకేసారి వేయకండి, ఆ మందుకు మేలు చేసే బూజు కూడా చస్తుంది.

మొలక అచ్చం గడ్డిలా ఉంటుంది, వరి తుకంలో మొలక ఎలా ఉంటుందో అలాగే. ఇది చిన్న విషయమని వదిలేయొద్దు. ఒకసారి నేను ఊరెళ్లిన రెండు రోజుల్లో, నీళ్లు పోయమని చెప్పిన అబ్బాయి సాయం చేద్దామని ఒక డబ్బాలో ‘గడ్డి’ మొత్తం పీకేశాడు. తప్పు అతనిది కాదు, నేను చెప్పలేదు. అప్పటి నుంచి ప్రతి మొలక పక్కనా ఒక ఐస్‌క్రీమ్ పుల్ల గుచ్చి తేదీ రాస్తున్నాను.

మూడు నాలుగు ఆకులు వచ్చాక 15 రోజులకోసారి లీటరు నీళ్లకు 1 గ్రాము 19:19:19 అనే నీళ్లలో కరిగే ఎరువు కలిపి పోయొచ్చు. కొత్త ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందట్లేదని అర్థం, మన సున్నపు నీళ్లకు ఇది మామూలే. తుకం పాలిపోతే పిచికారీ చేసే అన్నభేదే దీనికీ మందు, లీటరుకు 2 గ్రాములు, చిటికెడు నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద చల్లండి.

సంక్రాంతి నుంచి మృగశిర దాకా

సంక్రాంతికల్లా మొక్క 4, 5 అంగుళాలు పెరుగుతుంది. అప్పుడు ఒక్కోదాన్ని 8 అంగుళాల కుండీలోకి మార్చండి. ఇప్పుడు చెలక మట్టి వాడొచ్చు, రెండు పాళ్లు మట్టి, ఒక పాలు బాగా మాగిన పెంట, ఒక పాలు ఇసుక, గుప్పెడు వేప పిండి. వేరు, ఆకు కలిసే చోటు మట్టిలోపల అర అంగుళానికి మించి ఉండకూడదు, లోతుగా పాతితే అక్కడే కుళ్లు పట్టుకుంటుంది. నల్ల ప్లాస్టిక్ కుండీలు ఎండాకాలంలో కాగిపోతాయి, మట్టి కుండీలు కొంచెం ఖర్చైనా వేరును కాపాడతాయి.

మార్చి రెండో వారం నుంచి గ్రీన్ నెట్ కిందికి చేర్చండి, 50 శాతం నీడ ఇచ్చేది చాలు. కుండీ మీద వరి గడ్డి కానీ వేరుశనగ పొట్టు కానీ రెండు అంగుళాలు పరచండి, పాలమూరు, వనపర్తి వైపువాళ్లకు పొట్టుకు కొదవ ఉండదు. దుబ్బు మొదట్లోకి మాత్రం తోయొద్దు, చుట్టూ ఒక అంగుళం ఖాళీ వదలండి. రోహిణి కార్తెలో ఆకులు సగం ఎండిపోయి ఎదుగుదల ఆగిపోతుంది, చూస్తే భయమేస్తుంది, కానీ దుబ్బు గట్టిగా ఉంటే మొక్క బతికే ఉన్నట్టు. ఆ సమయంలో బతికించాలని రెండు పూటలా నీళ్లు కుమ్మరించడం, ఎరువు వేయడం చేయకండి. వేడి మట్టిలో నిలిచిన నీళ్లకే దుబ్బు కుళ్లుతుంది. పొద్దున్నే ఒకసారి పోస్తే చాలు.

మృగశిర వానలు పడ్డాక నేలలోకి మార్చుకోవచ్చు, మొక్కకూ మొక్కకూ అడుగున్నర దూరంతో, పొద్దుటి ఎండ పూర్తిగా, మధ్యాహ్నం కాస్త నీడ ఉండే చోట. ఇంట్లో పిల్లి ఉంటే ఈ మొక్క దానికి అందనివ్వకండి, ఆకు కొంచెం తిన్నా, ఒంటికి అంటిన పుప్పొడి నాకినా పిల్లి కిడ్నీలు పాడై ప్రాణం పోతుంది.

పూత రావడానికి ఎక్కువగా ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది, కొన్ని ముందే పూస్తాయి. గింజ నుంచి వచ్చిన మొక్క తల్లి పువ్వులాగే పూయదు, ఒకే కాయ నుంచి వచ్చిన ఎనిమిది గింజలు ఎనిమిది రకాలుగా పూయొచ్చు, నాకు ఈ మొక్క మీద ఇంత ప్రేమ అందుకే. కాబట్టి పూసేదాకా ఒక్క మొక్కను కూడా బలహీనంగా ఉందని తీసేయకండి. మొదటి కాడ వచ్చినప్పుడు మొగ్గలు లెక్కపెట్టి రాసుకోండి, పొద్దున విచ్చినప్పుడు, సాయంత్రం ముడుచుకునే ముందు రెండుసార్లు ఫోటో తీయండి, మన ఎండకు రంగు మధ్యాహ్నానికే పలచబడే రకాలేవో అప్పుడే తెలుస్తుంది. వాడిన పువ్వును మర్నాడు పొద్దున తుంచేయండి. ఆ మొదటి కాడకు కాయ కట్టనివ్వకండి, చిన్న దుబ్బు బలమంతా గింజకే పోతుంది. రెండో ఏటి పూతకు పుప్పొడి అద్దండి.